బస్సు షెల్టరులో తాళ్ళు

మా మామ గురించి చెప్పాలంటే ముందు ఆయన దగ్గు గురించి చెప్పాలి. జబ్బు దగ్గు కాదు, గొంతు నిక్షేపంగా ఉండేది. కొండ మీద మలుపు తిరిగే ముందు, పొద దాటే ముందు, వాగులోకి దిగే ముందు ఆగి గట్టిగా దగ్గేవాడు. అవతల ఎవరైనా పచ్చి చెట్టు కొడుతుంటే గొడ్డలి తీసుకుని పారిపోవడానికి వాళ్ళకు టైము ఇవ్వడమన్నమాట. దగ్గి, కాసేపు ఆగి, మళ్ళీ దగ్గి, అప్పుడు నడిచేవాడు. ఆయన ఆ కొండకు కాపలాదారు. దొంగను పట్టుకోవలసినవాడు దొంగకు ముందే కబురు పెట్టి వెళ్తున్నాడని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు.

ఆయన మా అమ్మకు అన్న. పోయిన కార్తీకంలో పోయాడు. మొన్న మార్కాపురంలో నా షాపు ముందు ఎవరో ముసలాయన అచ్చం అట్లాగే దగ్గాడు. నేను బోరు మోటార్లకు వైండింగ్ కడతాను. చేతిలో రాగి తీగ అలాగే పట్టుకుని బయటికొచ్చి చూశాను. గిద్దలూరు బస్సు కోసం నిలబడ్డ ఎవరో పెద్దమనిషి. నావైపు అయోమయంగా చూశాడు. నేను లోపలికొచ్చి కూర్చున్నాను గాని, ఆ రోజు ఒక్క మోటారూ సరిగ్గా కట్టలేదు.

మాది యర్రగొండపాలెం పోయే రోడ్డు మీద బస్సు ఆగే చిన్న ఊరు. ఊరి వెనక ఒక కొండ, దాని వెనక ఇంకో కొండ, ఆ వెనక నల్లమల. ఊరివైపు వాలును బోడికొండ అంటారు. నా చిన్నప్పుడు ఆ పేరు సరిగ్గా సరిపోయేది. రాళ్ళు, ముళ్ళకంప, మేకలు కొరికిన మోళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు. తర్వాత ఫారెస్టువాళ్ళు వచ్చి మీటింగు పెట్టారు. ఈ వాలును మీరే కాపాడుకోండి, గడ్డి మీది, కాయా పండూ మీవి, ఎండుకట్టె మీది, పచ్చి చెట్టు మీద మాత్రం గొడ్డలి పడకూడదు అన్నారు. మేకలు పైకి పోకూడదు. గడ్డి గింజ రాలిపోయాకే గొర్రెలను వదలాలి. అందరూ సరేనన్నారు. సమితి అని ఒకటి ఏర్పడింది. కాపలా ఎవరు ఉంటారు అని ఆఫీసరు అడిగాడు. అప్పుడు ఎవరికి వాళ్ళు పక్కవాడి మొహం చూశారు. ఎంతసేపటికీ ఎవరూ నోరు విప్పలేదు. ఆఫీసరు ముందు ఊరు అట్లా మూగగా కూర్చోవడం మామ చూడలేకపోయాడు. "సరే, నేను పోతాలే సార్" అన్నాడు. అడవి మీద ప్రేమా కాదు, ఏమీ కాదు. అంతమంది సిగ్గు లేకుండా కూర్చుంటే ఆ సిగ్గంతా ఆయనకు పట్టుకుంది.

ఆయన తత్వమే అది. ఒకరు చేసిన తప్పుకు ఇంకొకరు సిగ్గుపడటం నేను ఆయనలోనే చూశాను. పెళ్ళి మాటల్లో బేరం మొదలైతే చెంబు తీసుకుని బయటికి పోయేవాడు. భజనలో ఎవరి గొంతయినా తప్పితే ఈయన తల దించుకునేవాడు. ఒకసారి మార్కాపురం బస్సులో కండక్టరు టికెట్టు లేని ఒకతన్ని పట్టుకుని దించేశాడు. టికెట్టున్న మామ కూడా అతని వెనకే దిగిపోయాడు. ఎండలో ఇద్దరూ కలిసి నడిచి వచ్చారట. "నువ్వెందుకు దిగినావు మామా?" అంటే, "ఆడ కూర్చోబుద్ధి గాలేదురా. అందరూ ఆయన్నే చూస్తా ఉండారు" అన్నాడు. ఇట్లాంటి మనిషిని కాపలాకు పెడితే ఏమవుతుంది? కొండెక్కి దగ్గుతాడు.

అడవి గురించి ఆయనకు పెద్దగా తెలియదు కూడా. పిట్టలన్నీ ఆయనకు పిట్టలే. పామంటే ప్రాణభయం, పొదల దగ్గర చప్పట్లు కొట్టుకుంటూ నడిచేవాడు. సమితి ఇచ్చిన ఖాకీ చొక్కాకు గుండీలు ఎప్పుడూ ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా పెట్టుకునేవాడు. కొండ పచ్చబడ్డాక చూడటానికి వచ్చిన ఒక పెద్దాఫీసరు, "ఇంత బాగా ఎట్లా పెంచారు?" అని మెచ్చుకుంటే, "నేనేం పెంచలేదు సార్. కొట్టొద్దంటే కొట్టడం లేదు. అదే పెరుగుతా ఉండాది" అన్నాడు. ఆఫీసరు నవ్వి ఆయన భుజం తట్టాడు. మామ ఆ రోజంతా ఎవరికీ కనబడలేదు. పొగడ్తకు కూడా ఆయనకు సిగ్గే.

మరి దగ్గి దొంగల్ని తరిమేస్తే కొండ ఎట్లా నిలిచింది అంటే, అక్కడికే వస్తున్నాను.

మా ఊళ్ళో అప్పట్లో ఏ ఇంటి తాడు ఆ ఇల్లే పేనుకునేది. నారేపి చెట్టు బెరడు తీసి పేనినవి కొందరివి. కిత్తనారవి కొందరివి. మేకవెంట్రుకలతో పేనేవాళ్ళున్నారు. పాత చీరపేలికలు కలిపి పేనేది మా అత్త, అంటే మామ భార్య. పురి తిప్పడంలో ఒక్కొక్కరిది ఒక్కో చెయ్యి, కొసన వేసే ముడి ఒక్కో ఇంటిది ఒక్కో రకం. దారిలో తాడు దొరికితే అడక్కుండానే తీసుకెళ్ళి ఫలానా ఇంట్లో ఇచ్చి రావచ్చు. మామ దగ్గుకు బెదిరి పారిపోయినవాళ్ళు గొడ్డలి తీసుకుపోయేవాళ్ళు గాని, మోపు అక్కడే వదిలేసేవాళ్ళు. మోపుకు తాడు ఉంటుంది కదా. ఆ పచ్చికట్టెను మామ సమితి గదిలో పడేసి, తాడు మాత్రం విప్పి తెచ్చి బస్సు షెల్టరులో ఇనపకడ్డీకి వేలాడదీసేవాడు. ఎవరినీ ఒక్క మాట అనేవాడు కాదు. పేరు చెప్పేవాడు కాదు. పాలెం బస్సు కోసం వచ్చిన ప్రతివాళ్ళూ తలెత్తి తాడు చూసేవాళ్ళు, చూసి తల తిప్పుకునేవాళ్ళు. అంతే. సొంతదారు వచ్చి తీసుకుపోవచ్చు, ఎవరూ అడ్డుపెట్టరు. కానీ ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో కూర్చుని కొత్త తాడు పేనుకునేవాళ్ళు. పాత తాళ్ళు ఎండకు బూడిదరంగు తిరిగి అక్కడే వేలాడేవి.

ఒకే ఒక్క గొర్రెలాయన మాత్రం పట్టపగలు వచ్చి, కడ్డీ మీంచి తన తాడు లాక్కుని, "పనుండాది మామా" అని పోయాడు. మామ సిగ్గుతో ఆయనకే క్షమాపణ చెప్పాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఊరు ఈ పద్ధతికి ఎందుకు లొంగింది? అక్కడ మొట్టమొదట వేలాడిన తాడు మా అత్తది కాబట్టి. ఎండుపుల్లల మధ్య పచ్చికొమ్మ ఒకటి పెట్టి తెచ్చుకుంటుంటే మామ దగ్గాడు. దగ్గింది మొగుడే గదా అని ఆమె కదలలేదు. ఆయన మోపు దింపించి, చీరపేలికల తాడు విప్పుకుని, ఆమె చూస్తుండగానే తీసుకెళ్ళి షెల్టరులో కట్టాడు. "ఊరంతటికీ ముందు నా తాడే దొరికినాదా నీకు?" అని అత్త చాలా కాలం దెప్పింది. ఆ తర్వాత ఆయన ఎవరి తాడు కట్టినా ఊళ్ళో ఎవరికీ నోరు లేకపోయింది.

కొండ మాత్రం మారిపోయింది. నేను మార్కాపురం నుంచి వెళ్ళినప్పుడల్లా తేడా కనపడేది. నరికిన మోళ్ళ నుంచి చిగుళ్ళు లేచి మనిషెత్తు అయ్యాయి. నారేపి, తునికి, మోదుగ, చిరుమాను ఎవరూ నాటకుండానే వచ్చాయి. గడ్డి మోకాళ్ళదాకా పెరిగింది. వాన పడితే నీళ్ళు ఎర్రగా ఉరకడం మానేసి, నేలలోకి ఇంకి, వాగులో చాలా నెలలు సన్నగా పారేవి. ఊరిబావిలో నీళ్ళు పైకొచ్చాయి. కుందేళ్ళు, నెమళ్ళు, నక్కలు తిరిగేవి. చిరుత ఒకటి వస్తోందన్నారు. అడవిపందులూ దిగాయి, కందిచేలు తొక్కి పోయాయి. "నువ్వు అడివిని కాదు పెంచింది, పందుల్ని" అని రైతులు మామ మీద పడ్డారు. అందులో అబద్ధం లేదు. మామ వాళ్ళ చేనుగట్ల మీద కూడా వెళ్ళి, రేకుడబ్బా కొట్టి వచ్చేవాడు. అది కూడా ఆయన తప్పే అయినట్టు.

నైలాను తాడు మా ఊళ్ళోకి వచ్చింది నా షాపు నుంచే. బోర్లలోంచి మోటార్లు పైకి లాగినప్పుడు పాత తాళ్ళు మార్చేస్తారు. పసుపురంగువి, గట్టివి. పారేయడమెందుకని నేను ఊరికి పోయినప్పుడల్లా తీసుకెళ్ళేవాణ్ణి. "నాకో ముక్క ఇయ్యి నాయనా" అని ఎదురొచ్చేవాళ్ళు. గొడ్లు కట్టుకోవడానికి, కట్టెలకు, ఊయలకు అన్నిటికీ అదే అయింది. చూస్తుండగానే తాళ్ళు పేనడం మానేశారు. పురి లేదు, ముడి లేదు, కొస కాల్చేస్తే చాలు. ఇంటింటికీ ఒకటే పసుపు తాడు. నేను ఊరికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను, మామ కూడా అట్లాగే అనుకుని ఒక ముక్క అడిగి తీసుకున్నాడు.

ఒక వేసవిలో మామ దగ్గితే ఎవరో పచ్చి నారేపి గుంజల మోపు వదిలేసి పారిపోయారు. దాని తాడు పసుపు తాడు. మామ అలవాటు ప్రకారం విప్పి తెచ్చి షెల్టరులో కట్టాడు. ఎవరిదో ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఆయన చేసిన తప్పు అక్కడే ఉంది. ఎవరిదో తెలియని తాడును అట్లా పదిమంది కళ్ళ ముందు వేలాడదీస్తే, ఊరు ఊరుకోదు. ఎవరిదో ఒకరిది చేస్తుంది.

తాడుకు మేకవెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. చూసినవాళ్ళు నాగమ్మది అన్నారు. నాగమ్మ మొగుడు పోయిన మనిషి, మేకల మీదే బతుకు. నేను చిన్నమ్మా అని పిలిచేవాణ్ణి. మేకలు కొండెక్కకూడదన్న రోజు నుంచి ఆమెకు సమితి అంటే గిట్టదు, ఆ సంగతి దాచుకునే మనిషి కూడా కాదు. అందుకని అనుమానం చక్కగా అతుక్కుంది. ఆమెను ఎవరూ మొహం మీద అడగలేదు. అడిగి ఉంటే కాదని చెప్పేది. ఆమె షెల్టరు దగ్గరికి వస్తే మాటలు ఆగిపోయేవి, వెళ్ళాక మళ్ళీ మొదలయ్యేవి. "నాది గాదు" అని ఆమె అడగనివాళ్ళకు కూడా చెప్పింది. అడగకుండా చెప్తోందంటే ఆమెదే అన్నారు. ఆ వేసవి చివర మేకల్ని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని కొనకనమిట్ల దగ్గర తమ్ముడి ఊరికి వెళ్ళిపోయింది. తాడు షెల్టరులోనే ఉంది.

ఆమె వెళ్ళిన కొద్దిరోజులకే మా ఇంట్లో పోలేరమ్మ మొక్కు తీర్చారు. నాయనకు నడుం పట్టేసి మంచం దిగని రోజులు. అమ్మ మొక్కుకుని మేకపోతును తెచ్చి ముందు నుంచే మేపుతోంది. మార్కాపురం నుంచి షామియానా తెస్తానన్నా వినలేదు. అమ్మవారికి పచ్చటి పందిరే ఉండాలంది. నేను వెళ్ళేసరికి పందిరి వేసి ఉంది. ఫ్యాన్లకు వైరు లాగే హడావుడిలో నేను దేన్నీ పట్టించుకోలేదు. భోజనాల బంతిలో మామ కూర్చున్నాడు. అమ్మే వడ్డించింది. మామ రెండో ముద్ద కలుపుతూ తలెత్తి పందిరికేసి చూశాడు, తర్వాత ఒక పక్కగా కట్టిన పోతుకేసి చూశాడు. కోసింది ఒకదాన్ని, ఇది వచ్చే ఏటి మొక్కుకని అమ్మ మేపుతున్న రెండోది. మామ చెయ్యి ఆకులోనే ఉండిపోయింది. కడుపులో బాగాలేదని లేచి చెయ్యి కడుక్కున్నాడు. "నీ అన్న ఎప్పుడూ ఇంతే, పదిమందిలో కూర్చోలేడు" అన్నారు ఎవరో. అమ్మ పక్క ఆకులో వడ్డించింది.

మర్నాడు మామ షెల్టరులోని తాళ్ళన్నీ విప్పేశాడు. ఎండకు మాడిన పాతవి కూడా. కొండకు పోవడం మానేశాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు. ఊరు నమ్మింది, నేనూ నమ్మాను. వేరే ఒకరిద్దర్ని కాపలా పెట్టారు గాని, వాళ్ళు అరిచేవాళ్ళు, తిట్టేవాళ్ళు. తిట్టేవాడిని జనం తిరిగి తిట్టి తమ పని తాము చేసుకుంటారు. మొదట అంచుల్లో కొట్టారు, ఆ తర్వాత వాగు పక్కన. బయట ఊళ్ళ ట్రాక్టర్లు వచ్చాయి. చివరికి మేకలూ ఎక్కాయి, లేచిన చిగురు లేచినట్టే కొరికేశాయి. వాన మళ్ళీ ఎర్రగా దిగడం మొదలుపెట్టింది, వాగు వాన వెలిసిన మర్నాటికే ఎండిపోయేది. నెమళ్ళు మాత్రం కొంతకాలం చేలల్లో తిరుగుతూ కనబడ్డాయి. మామ అరుగు మీద కొండకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఆ వైపు తిరిగి కూర్చోగా నేను మళ్ళీ చూడలేదు.

ఆయన పోవడానికి ఏడాది ముందనుకుంటాను, ఒకరోజు పొద్దున్నే మార్కాపురంలో నా షాపుకు వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. స్టూలు వేస్తే కూర్చోలేదు. "బండుండాదా?" అన్నాడు.

"ఉండాది. యాడికి?"

"కొనకనమిట్ల దగ్గరికి. నాగమ్మను చూడాల."

ఎందుకని అడిగాను. చెప్పలేదు. దారంతా వెనక కూర్చుని నా భుజం పట్టుకున్నాడు. ఊరి మొదట్లో బండి ఆపించి, మొహం కడుక్కుని, చొక్కా గుండీలు సరిచేసుకున్నాడు. ఆ రోజు అవి సరిగ్గానే ఉన్నాయి.

నాగమ్మ చిన్నమ్మ రేకుల పంచలో మేకపిల్లకు పాలు తాపుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. మామ వాకిట్లోనే నిలబడ్డాడు.

"అమ్మా, ఆ తాడు నీది గాదు. నాకు తెలిసింది" అన్నాడు.

ఆమె పిల్లను వదిలి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "ఎవరిది?"

మామ నేలకేసి చూశాడు.

"పోనీలే. ఊళ్ళో చెప్పినావా?"

మామ ఇంకా నేలకేసే చూస్తున్నాడు.

"నాది గాదని నాకు చెప్పడానికి ఇంత దూరం వచ్చినావా అన్నా?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఆ సంగతి నాకు ముందే తెలుసు గదా. తెలియంది ఊరికి. ఆడ చెప్పు."

"కొండకు పోవడం మానుకున్నానమ్మా. ఇంకొకరి తాడు కట్టే మొహం నాకు లేదు" అన్నాడు మామ.

"అదీ నాకే చెప్తా ఉండావు" అని ఆమె లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నాకిచ్చింది. ఆయనకివ్వలేదు. నేను సగం తాగి మామకు ఇవ్వబోతే ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ మధ్యాహ్నం నాకు ఆయన మీద జాలి కలగలేదు, చిరాకే కలిగింది. ఎవరిదో తెలిసినప్పుడు చెప్పేస్తే పోయేదానికి ఎందుకిట్లా మేకపిల్లల ముందు తలదించుకుని నిలబడటం అనిపించింది.

తిరుగుదారిలో ఆ మాటే అన్నాను. "సొంత పెళ్ళాం తాడు కట్టినోడివి. ఎవరిదైతే ఏంది, చెప్పెయ్యి మామా."

కొంత దూరం పోయాం. తర్వాత బండి ఆపమన్నాడు. రోడ్డు పక్క దిగి, నాకు అటువైపు తిరిగి నిలబడి చెప్పాడు.

"పందిట్లో అన్నం తింటా పైకి చూసినా. గుంజలన్నీ పచ్చి నారేపివి. పోతు మెడకు చీరపేలిక. అంతకుముందు దానికి కట్టింది నువ్వు తెచ్చిచ్చిన పసుపు తాడే."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. షెల్టరులో వేలాడింది అమ్మ తాడు. వేరేవాళ్ళు కూడా ఆ గుంజలు చూసే ఉంటారు. కాపలాదారు చెల్లెలి ఇల్లు గదా, అడిగి తెచ్చుకుని ఉంటారనుకుని ఉంటారు.

"మరి ఊళ్ళో..." అన్నాను.

"పెళ్ళానిది కట్టగలిగినా. చెల్లెలిదని చెప్పలేకపోయినా. ఆడ నాకు నోరు రాలేదు." ఆగి, నావైపు తిరగకుండానే, "మీ అమ్మకు చెప్పొద్దురా. సిగ్గుపడతాది" అన్నాడు.

నేను చెప్పలేదు. మామ మాట మన్నించాను అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అమ్మ మొహం చూసి ఆ మాట అనడం నాకు కష్టం, అంతకన్నా ఏమీ లేదు. పండక్కీ పబ్బానికీ ఊరికి వెళ్తూనే ఉన్నాను. మామ అరుగు మీద వీపు తిప్పి కూర్చుని ఉంటే పక్కన కూర్చుని మోటార్ల కబుర్లు చెప్పాను. ఒక్కొక్క ట్రాక్టరే కొండ మీంచి దిగిపోతుంటే ఇద్దరం వినేవాళ్ళం, విననట్టే మాట్లాడుకునేవాళ్ళం. ఆ చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది.

మామ పెద్దదినానికి ఈసారి షామియానా నేనే తెచ్చాను. అమ్మ వద్దనలేదు. భోజనాలు మొదలయ్యాక బస్సు దిగి నాగమ్మ వచ్చింది. ఎవరు కబురు పెట్టారో తెలియదు. మామ ఫొటో ముందు దండం పెట్టుకుని, వచ్చి బంతిలో చివరన కూర్చుంది. పక్కనున్న ముసలాయన, ఊరికే వాతావరణం తేలిక చేద్దామనే కాబోలు, "ఏం నాగమ్మా, నీ తాడు కోసం వచ్చినావా ఏంది?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అమ్మ పప్పు బకెట్టుతో బంతి మధ్యలో ఉంది. గరిటె బకెట్టులో పెట్టేసింది.

"ఆ తాడు దానిది గాదు" అంది. "నాది. పందిరికి గుంజలు కొట్టుకొస్తా ఉంటే మా అన్న దగ్గినాడు. మోపు ఆడనే పడేసి వచ్చినా. మర్నాడు మళ్ళా పోయి కొట్టుకొచ్చినా."

నవ్వినవాళ్ళు ఆకుల్లోకి చూశారు. అమ్మ నాగమ్మ ముందుకు వచ్చి నిలబడింది. "నీ ముందర చెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నా. మా అన్నకు తెలిస్తే సిగ్గుతో చచ్చిపోతాడనుకున్నా. ఆయన్ను చూసి నోరు మూసుకున్నా" అంది.

నాగమ్మ అమ్మను పైనుంచి కిందికి చూసింది. "ఆయనకు తెలుసు అక్కా."

"ఏం తెలుసు?"

"తాడు నాది గాదని మా ఇంటికొచ్చి చెప్పినాడు. ఎవరిదంటే నోరు తెరవలేదు. నీదని నేను ఇప్పుడే వింటా ఉండా." ఆకు మీద నీళ్ళు చల్లుకుని చేత్తో తుడిచింది. "ఇంకొకరి తాడు కట్టే మొహం లేదు, కొండకు పోవడం లేదు అన్నాడు. ఈ మాట ఆయన బతికుండంగ నువ్వు అనింటే మళ్ళా పోయేటోడు. మీ అన్నకు మోకాళ్ళ నొప్పులేం లేవు."

అమ్మ బకెట్టు కింద పెట్టేసింది. అన్న సిగ్గుపడతాడని ఈమె, చెల్లెలు సిగ్గుపడుతుందని ఆయన, ఇద్దరూ ఒకే ఊళ్ళో ఎదురుబొదురు ఇళ్ళలో అన్నేళ్ళు కూర్చున్నారు. ఇద్దరి మధ్యా రోడ్డు దాటి ఒక్క మాట మోసుకెళ్తే చాలు, అమ్మ వెళ్ళి ఏడ్చి ఒప్పుకునేది, ఆయన చొక్కా వేసుకుని కొండెక్కేవాడు. ఎక్కేసరికి ఇంకా సగం కొండ మిగిలి ఉండేది. మోయగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు.

"మీ ఇంటికి ఒక్కడే వచ్చినాడా?" అని అమ్మ ఎట్లాగో అడిగింది.

"ఎందుకు ఒక్కడే వస్తాడు? నీ కొడుకే గదా బండి మీద తెచ్చింది."

అమ్మ నావైపు తిరిగింది. నేను బంతిలో కూర్చుని ఉన్నాను, అన్నం కలుపుతూ. "నీకు తెలుసా?" అంది. నేను తల ఊపాను.

"ఎప్పటినుంచిరా?" అంది.

అందరూ ఆకుల్లోకి చూస్తున్నారు. నేను కూడా నా ఆకులోకి చూశాను.